చెప్పు ముక్కతో అచ్చు, నానీ ఫేటియాతో అతుకు



నవంబరులో మన గోడపత్రిక కుడి పక్క కింద నేను అంటించిన బొమ్మ మీరందరూ చూసే ఉంటారు. తర్వాత పత్రిక రెండుసార్లు మారింది గాని ఆ బొమ్మను అక్కడనే ఉంచిన్రు. ఇప్పుడు దాని నడుమ జానెడు ఖాళీ జాగ ఉన్నది. ఎవరో కావాలని చింపిన్రని కొందరు, గాలికి ఊడిందని కొందరు, ఎలుక కొరికిందని ఆరో తరగతి పిల్లలు అనుకుంటున్నరు. ఎవరూ చింపలేదు. ఎలుక పాపం ఏమీ ఎరుగదు. అక్కడ ఏముండెనో, అది ఎట్ల పోయిందో రాయమని పత్రిక చూసే అన్న అడిగిండు. అందుకే ఈ వ్యాసం. తప్పులుంటే క్షమించగలరు.

ముందుగాల అచ్చు సంగతి చెప్పాలె, లేకుంటే అతుకుబొమ్మ సంగతి అర్థం కాదు.

మన గోడపత్రిక ఒక్కటే చార్టు. ఎనిమిదో తరగతిల నా కథ ఒకటి దీంట్ల వచ్చింది. సెలవులకు తండాకు పోయి యాడికి చెప్పిన. (మా లంబాడి భాషలో అమ్మను యాడి అంటం. తెలువని తమ్ముళ్ల కోసం రాస్తున్న.) యాడి సంతోషపడి, "ఏదీ, చూపియ్" అన్నది. ఏం చూపియ్యాలె? గోడను బస్సుల పెట్టుకోని చందంపేట దాకా తీస్కపోలేం గద. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టింపు, ఒక్క బొమ్మ పది బొమ్మలు కావాలె, ఒకటి ఇక్కడ ఉండాలె, ఒకటి ఇంటికి పోవాలె.

జిరాక్స్ తీస్తే అయిపాయె గద అని మీరు అంటరు. నిజమే. కాని జిరాక్స్ మిషన్ దగ్గర మన చేతికి పనేమున్నది? పైసలిచ్చి నిలబడుడే. ఇంతకంటె పెద్ద కారణం నా దగ్గర లేదు.

మొదట ఆకులతోటి చేసిన. మోదుగ ఆకు, టేకు ఆకు, తునికాకు. ఆకు వెనక పక్కకు ఈనెలు ఉబ్బి ఉంటయి, ఆ పక్కకే రంగు పుయ్యాలె. రంగు పూసి, మీద కాగితం పెట్టి, అరచేత్తో రుద్దితే ఈనెలన్నీ పడతయి. అన్నింటిల తునికాకు బాగా పడ్డది. మోదుగ ఆకు మందం, అది విస్తరికే మంచిది. ఇందుల నా తెలివి ఏమీ లేదు, గీసినదంతా చెట్టే. రెండు రోజులకే విసుగొచ్చింది.

కష్టమంతా రంగుతోనే వచ్చింది. డబ్బా రంగులు నీళ్లతో కలిపితే కాగితం పెట్టేలోపల ఆరిపోతున్నయి. పుస్తకంల అచ్చుసిరా మసి, నూనె కలిపి చేస్తరని చదివిన. ఇంకేం, దీపం మీద సత్తు మూత పట్టి మసి తీసిన, వంటశాల అక్కను బతిలాడి రెండు చెంచాల పల్లినూనె తెచ్చిన, రెండూ బండ మీద నూరిన. నల్లగ, కాటుక లెక్క, ఎంత ముద్దుగ వచ్చిందో. అచ్చు కూడా మంచిగనే పడ్డది. మూడు రోజులైనా ఆరలేదు. వారమైనా ఆరలేదు. పైగా ప్రతి గీత చుట్టూ నూనె పాకి, మిర్చిబజ్జీ పొట్లం లెక్క పచ్చటి మరకలు. ఆ కాగితం పక్కన పెట్టిన నా సైన్సు నోటుబుక్కు కూడా ఖరాబైంది.

తర్వాత సైన్సు సారు చెప్పిన్రు. నూనెలన్నీ ఒక్కటి కాదట. పల్లినూనె ఎన్ని రోజులకూ ఆరే రకం కాదు. అవిసె నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి పొర కడుతుంది, అందుకే అచ్చుసిరాలకు, బొమ్మల రంగులకు అదే వాడుతారు. ఇంటికాడ పాలమూరు దిక్కు అవిసెలు పొడి కొట్టుకొని తినేటోళ్లు కూడా ఉన్నరు గాని, ఈ ముచ్చట ఎవరికీ తెల్వదు అనుకుంట. చివరికి దేవరకొండల పెళ్లిపత్రికలు అచ్చేసే దుకాణమాయన డబ్బా అడుగుకు మిగిలిన నల్ల సిరా ఒక మూతల వేసి ఇచ్చిండు. పైసలు తీస్కోలే. "గోడకు పూయకు, కడిగినా పోదు" అని మాత్రం అన్నడు. అది ఆర్నెల్లు వచ్చింది. చేతులకు అంటితే మళ్లీ ఆ పల్లినూనే పనికొచ్చింది, నూనె గుడ్డతో తుడిచి తర్వాత సబ్బు పెట్టాలె.

ఇక చెప్పు సంగతి.

సోషల్ సారు ఒకనాడు స్వాతంత్ర్య పోరాటం పాఠం చెప్తూ ఒక బొమ్మ చూపించిన్రు. గాంధీగారు కర్ర పట్టుకొని నడుస్తున్న బొమ్మ. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో శాంతినికేతనంలోని నందలాల్ బోస్ అనే చిత్రకారుడు చేసిండు. రెండే రంగులు, నలుపు తెలుపు. అది చేత్తో గీసింది కాదు, లినోలియం అనే దాన్ని చెక్కి అచ్చువేసింది అని సారు చెప్పిన్రు. లినోలియం అంటే గచ్చు మీద పరిచే ఒక తీరు మందపాటి పట్ట. 1860లలో ఇంగ్లండులో కనిపెట్టిన్రు. అది కూడా అవిసె నూనెతోనే తయారవుతుంది, నూనెను గట్టిపడనిచ్చి బెరడు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరుస్తరట. నాకు ఆ నూనె ఇడిచిపెట్టేటట్టు లేదనుకున్న.

మనకు లినోలియం ఎక్కడిది? ఆలోచిస్తే కాళ్ల కిందనే ఉన్నది. హవాయి చెప్పు. అరిగిన చెప్పు అడుగు మెత్తగ, సమంగ ఉంటది, బ్లేడు పెడితే జున్ను లెక్క తెగుతది. మొదట నా ఎడమ చెప్పు కోసిన. తర్వాత నల్లా కాడ వారం రోజుల నుంచి ఎవరూ ముట్టని చెప్పు ఒకటి కనబడితే అదీ కోసిన. అది పదో తరగతి అన్నదట. ఆ అన్నకు నేను క్షమాపణ చెప్పిన, కొత్త జత యాడి కొనిచ్చింది, ఆ కథ ఇంతటితో సమాప్తం. దయచేసి ఎవరూ మళ్లీ లేవనెత్తవద్దు.

బ్లేడు హాస్టల్‌లకు తేవద్దని నోటీసు ఉన్న సంగతి నాకు తెలుసు. వార్డెన్ సారు గుంజుకున్నరు కూడా. తిట్టిన్రు. మరునాడు పిలిచి, "నా రూముల, నా ముందట కూసొని చెయ్, పని కాంగనే బ్లేడు నాకియ్యి" అన్నరు. అప్పటినుంచి ఆదివారాలు సారు హాజరు లెక్కలు రాసుకుంటుంటే నేను కింద కూసొని చెప్పు చెక్కిన.

బ్లేడుతో గీతలే వస్తయి. గుంటలు తియ్యాలంటే గోరు లాంటి ఉలి కావాలె. దానికి ఉపాయం నా పక్క మంచం దోస్తు చెప్పిండు. వాడు మన్ననూరు దిక్కు చెంచు పిలగాడు, కత్తి పని మనకంటె వందరెట్లు ఎరుకున్నోడు. విరిగిన గొడుగు పుల్లను చూడండి, నడుమ వంపు ఉంటది, కాలువ లెక్క. దాని కొసను బండ మీద ఏటవాలుగ రుద్దితే చిన్న ఉలి అయితది. వాడు వెదురు ముక్క చీరి దానికి పిడి కూడా పెట్టిచ్చిండు. దుకాణంల కొన్న పనిముట్టు నేను ఇంతవరకు చూడలేదు గాని, దీనికంటె మంచిగ ఉంటదని నేను నమ్మను.

దీంట్ల తెలుసుకోవలసింది ఒకటే. చెక్కింది తెల్లగ ఉంటది, మిగిలింది నల్లగ పడతది. కాగితం మీద పెన్నుతో గీసినప్పుడు మనం నలుపు పెడుతం. ఇక్కడ తెలుపు తీస్తున్నం. రెండు రోజులు నా తలకాయ తిరిగిపోయింది. కన్ను నల్లగ రావాలంటే కన్ను చుట్టూ తియ్యాలె, కన్ను ఇడిచిపెట్టాలె. నేను కన్నే తవ్విన. మొదటి బొమ్మల మా మేకకు కండ్లు లేవు.

మిషను లేదు గనక స్టీలు చెంచా వెనకతోటి రుద్దిన. సిరా గుడ్డ మూటతో అద్దాలె, పుయ్యద్దు. మందం డ్రాయింగు షీటు మీద సరిగ్గా పడదు, సన్న కాగితమే మేలు. ఒక్కొక్కటి రుద్దుతుంటే చెంచా కాలి చెయ్యి కూడా వేడెక్కుతది. (వంటశాలల రెండు చెంచాలు తక్కువైనయని వెతికిన్రు కదా, ఒకటి తిరిగి ఇచ్చిన. ఇంకొకటి ఇస్త.)

మొట్టమొదట చెక్కిన అక్షరాలు "యాడి". మా భాషకు సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు అక్షరాలలోనే రాసుకుంటం. మూడు ఆదివారాలు పట్టింది. సిరా అద్ది, కాగితం పెట్టి, రుద్ది, లేపి చూస్తే అది ఏ భాషనో నాకే అర్థం కాలే. అంతా తలకిందులు కాదు, కుడి ఎడమలు. గుడి ముందట ఉండెడి డి అక్షరం మొదలుకొచ్చింది, గుడిసున్నాలు అటు మొహం పెట్టినయి. దోస్తు పడి పడి నవ్విండు. వార్డెన్ సారు మాత్రం నవ్వలే. కాగితం తీస్కపోయి గోడకున్న అద్దం ముందు పట్టిండు. అద్దంల "యాడి" అని సక్కగ కనబడ్డది. "తప్పు లేదురా, అద్దం కావాలె గంతే" అన్నరు.

అందుకని తర్వాత నుంచి సన్న కాగితం మీద రాసి, నూనె రాసి, వెనక్కి తిప్పి, వెనక నుంచి కనబడే అక్షరాన్నే చెప్పు మీదకు ఎక్కిస్తున్న. సున్న ఒక్కటే ఎట్ల తిప్పినా సున్ననే. రబ్బరు స్టాంపులు, పాత అచ్చు అక్షరాలు అన్నీ ఇట్లనే ఉల్టా ఉంటయి, మనం ఎప్పుడూ గమనించం.

ఇట్ల చెక్కి అచ్చువేసే దాంట్ల ఇంకో పద్ధతి ఉన్నది, అది దీనికి ఉల్టా. మన తెలంగాణలోనే మెదక్ జిల్లా నిజాంపూర్‌ల 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు ఆ పద్ధతిల పేరు తెచ్చుకున్నరు. హైదరాబాదులో చదివి, తర్వాత బరోడాల నేర్చుకున్నరు. ఊరి మనుషులు, మేకలు, చెట్లు ఆయన బొమ్మలల్ల ఉంటయి. 2016లో పద్మశ్రీ ఇచ్చిన్రు. జింకు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌ల ముంచుతరు. గీసిన కాడ యాసిడ్ తిని కాలువ పడతది. సిరాను ఆ కాలువలల్ల నింపి, మీద తుడిచేసి, తడి కాగితం పెట్టి బరువు రోలరు కింద నొక్కితే కాలువలోని సిరా పైకొస్తది. అంటే తవ్విందే నల్లగ వస్తది. నేను మేక కండ్లు తవ్వినప్పుడు ఆ పద్ధతి అయ్యుంటే నా మేక బతికేది. యాసిడ్ జోలికి నేను పోలే, పోను. వార్డెన్ సారు ఈ వాక్యం రెండుసార్లు చదవగలరు.

మా మేక అచ్చులు 34 తీసిన. సంతోషంగ పంచిన. మీలో చాలామంది పెట్టె మూత లోపల అంటించుకున్నరు, చూసిన.

ఇక అతుకుబొమ్మ. దీన్ని కొలాజ్ అంటరు. ఫ్రెంచి భాషలో అంటించుడు అనే మాట నుంచి వచ్చింది. 1912లో పారిస్‌ల పికాసో, బ్రాక్ అనే ఇద్దరు బొమ్మల మీద కాగితాలు, పట్టలు అంటించుడు మొదలుపెట్టిన్రు. పికాసో ఒక బొమ్మ చుట్టూ చట్రానికి బదులు తాడు కూడా పెట్టిండు. జర్మనీల కుర్ట్ ష్విట్టర్స్ అని ఇంకొకాయన, మొదటి ప్రపంచయుద్ధం అయిపోయినంక, రోడ్ల మీద దొరికిన ట్రాము టికెట్లు, చిత్తుకాగితాలు, పొట్లాల ముక్కలు ఏరి అంటించి బొమ్మలు చేసిండు. ఆ టికెట్ల ముచ్చట విన్నప్పుడే నాకు ఉపాయం తట్టింది.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంల ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఉచితం కదా. పైసలు లేకున్నా కండక్టరు జీరో టికెట్ కొట్టిస్తడు. ఆదివారం మన బడి గేటు కాడ నిలబడి చూడండి, ఎంతమంది అమ్మల చేతులల్ల ఆ టికెట్లు. ఇంతకుముందు నెలకోపారి వచ్చే యాడి ఇప్పుడు పదిహేను రోజులకు వస్తున్నది. మా బా హైదరాబాదుల సెంట్రింగు పని చేస్తడు, ఆయనకు టికెట్ ఉన్నది, అందుకే రాడు అని మేం నవ్వుకుంటం. నిజానికి ఆయనకు దొరకంది టికెట్ కాదు, సెలవు.

మీ అమ్మల టికెట్లు కూడా అడిగి తీస్కున్న, మీకు యాదికే ఉంటది. అరవై దాకా అయినయి. వాటిని చార్టు మీద తండా బాట లెక్క వంకరటింకరగ అంటించిన. పక్కన సిమెంటు సంచి కాగితం, అది మా బా తెచ్చింది. పత్తి. గోనెసంచి పీలికలు. తునికాకు అచ్చులు. బాట మీద మా గుడ్డి మేక.

అన్నీ పెట్టినంక నడుమ ఏదో తక్కువైంది. అంతా మట్టి రంగు. మనిషి లేదు.

దసరా సెలవులల్ల ఇంటికి పోయిన. మా నానీ, అంటే యాడి వాళ్ల అమ్మ, రేకుల పెట్టెల పాత ఫేటియా ఒకటి దాచిపెట్టుకున్నది. మా లంబాడోళ్ల లంగాను ఫేటియా అంటరు, రవికె కాంచళి, మీద కప్పుకునేది టుక్రి. ఇప్పుడు మా తండాల అవి కట్టేటోళ్లు నలుగురైదుగురు ముసలోళ్లే. పండుగకో పెండ్లికో తప్ప పెట్టెల బయటికి రావు. ఎర్రటి గుడ్డ, నీలం అతుకులు, అద్దాలు, గవ్వలు. చూడంగనే నాకు కావలసిన మనిషి అదే అనిపించింది. పాతదే కద, చినిగిందే కద అనుకున్న. కింది అంచు కాడ జానెడు కత్తిరించి పుస్తకాల సంచిల పెట్టుకున్న. అడగలేదు. అడిగితే ఇయ్యదని తెలుసు కాబట్టే అడగలేదు, ఇది నిజం.

బొమ్మ గోడకెక్కింది. అందరూ మెచ్చుకున్నరు. పొద్దుమూకే ఎండ తగిలినప్పుడు అద్దాల వెలుగు వరండా పైకప్పు మీద చుక్కలు చుక్కలుగ పడేది, మీరు చూసిన్రు. ఒక అద్దం ఊడిపోతే ఫెవికాల్ పెట్టి అంటించిన, మళ్లీ ఊడింది, మళ్లీ అంటించిన.

నవంబరు చివరి ఆదివారం యాడితో పాటు నానీ కూడా వచ్చింది. జన్మల మొదటిసారి మన బడికి. బస్సుకు పైసలు లేవు గద, నేను కూడా చూసొస్త అని బయలెల్లిందట. వేపచెట్టు కింద సద్దిమూట ఇప్పంగనే యాడి, "వీడి బొమ్మ గోడ మీద ఉన్నదట" అని చెప్పింది. నాకు చెమటలు పట్టినయి. ఇప్పుడొద్దు, తిన్నాంక చూడొచ్చు అన్న. నానీకి చదువు రాదు, గోడపత్రిక కాడికి ఎందుకు పోతది అనుకున్న. చదువు రాకపోతే ఏంది, అద్దాలు దూరం నుంచే పిలిచినయి.

ముందు దగ్గరికి పోయి వేలు పెట్టి తడిమింది. తర్వాత ముక్కు దగ్గరికి తెచ్చి చూసింది. మా భాషలనే అన్నది, నేను తెలుగుల రాస్తున్న.

"ఈ కుట్టు మా యాడిది."

నేను నేల చూపు చూసిన.

"ఎంత కోసినవ్?"

"జానెడు."

"మిగిలింది?"

"పెట్టెలనే ఉన్నది."

తిడితే బాగుండు. తిట్టలే. ఆ ఫేటియా నానీ పెండ్లికి వాళ్ల యాడి కుట్టిందట. ఆమె కుట్టినవాటిల మిగిలింది అదొక్కటే. ఆ సంగతి నాకు తెల్వదు, మా యాడికి కూడా సరిగ తెల్వదు. నానీ యాడి తలల నుంచి పిన్ను తీస్కొని మెల్లగ అంచులు లేపింది. ఫెవికాల్ రాయి లెక్క గట్టిపడ్డది. చార్టు కాగితం కూడా గుడ్డతో పాటు లేచొచ్చింది, అదే మీరు చూస్తున్న ఖాళీ. ఒక అద్దం పుటుక్కుమని పగిలింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినబడుతది. గుడ్డను మడిచి టుక్రి కొంగుకు ముడేసుకున్నది.

వార్డెన్ సారు వరండాల నుంచి చూసి వచ్చిన్రు. "పిలగాడు తెల్వక చేసిండు, కూసోండ్రి అమ్మా, చాయ్ తాగండ్రి" అన్నరు. నానీ చాయ్ తాగింది. తెల్వక చేసిండు అన్న మాట నాకు సూదిలెక్క గుచ్చుకున్నది, ఎందుకంటె తెల్వక చేయలేదు గద.

పొయ్యేటప్పుడు గేటు కాడ నానీ నడుముకున్న సంచిల చెయ్యి పెట్టి ఏదో తీసింది. నలిగిన జీరో టికెట్. నేను టికెట్లు పోగేస్తనని యాడి చెప్పిందేమో. నా చేతిల పెట్టి, "ఇగో, ఇది కోసుకో" అన్నది. కోపంగ అన్నదో, మామూలుగనే అన్నదో నాకు అర్థం కాలే.

సంక్రాంతి సెలవులకు పోవాలంటే భయమేసింది. పోయిన. నానీ వాకిట్ల కూసొని ఆ ముక్కను మళ్లీ ఫేటియాకు కుడుతున్నది. వెనక గట్టిపడ్డ బంకను తడిగుడ్డతో నానబెట్టి, గోరుతో గీకి గీకి తీసింది. కండ్లు ఆనుతలేవు, సూదిల దారం ఎక్కియ్యమని నాకిచ్చింది. అంతే మాట్లాడింది. మొదటి రోజంతా నేను దారం ఎక్కిచ్చుడే.

రెండోరోజు పగిలిన అద్దం జాగల కొత్తది కుట్టింది. అప్పుడు చూసిన. మీరు గమనించిన్రా, ఆ అద్దానికి రంధ్రం ఉండదు. గుండీకి ఉన్నట్టు ఉండదు. మరి ఎట్ల కుడుతరు? ముందుగాల అద్దం మీద నుంచి అటు రెండు, ఇటు రెండు దారాలు అడ్డం పొడుగు గుంజి కడతరు, నులకమంచం లెక్క. తర్వాత సూదిని ఆ దారాల కింద నుంచి తీసి, గుడ్డల గుచ్చి, చుట్టూ గొలుసు లెక్క తిప్పుకుంట వస్తరు. తిప్పుతుంటే దారాలు అంచులకు జరిగి, అద్దం చుట్టూ దారపు కడియం పడతది. అద్దాన్ని ఏదీ అంటిపెట్టదు, దారం చుట్టూ పట్టుకుంటది. "గోందు పెడితే ఎన్ని రోజులుంటది" అన్నది నానీ, నా దిక్కు చూడకుండ. నేను ఒక అద్దం కుట్టడానికి సాయంత్రం దాకా పట్టింది, వంకరగ వచ్చింది. దాన్ని విప్పలేదు. ఫేటియా కింది అంచుకు ఇప్పుడు ఒక వంకర అద్దం ఉన్నది.

గుడ్డలు అతికి, గవ్వలు, అద్దాలు, బిళ్లలు చేర్చి బొమ్మ చేసుడు మా వాళ్లు పికాసోను అడిగి నేర్చుకోలేదు అనిపించింది. దీన్ని గొప్ప కోసం రాస్తలేను.

హాస్టల్‌కు వచ్చినంక ఒక పని చేసిన. అతుకుబొమ్మనే అచ్చు చేసే పద్ధతి ఒకటి ఉన్నది, కొలాగ్రాఫ్ అంటరు. అట్టముక్క మీద దారాలు, గోనె, ఆకు, బియ్యపు గింజలు, ఏది ఎత్తుగ ఉంటే అది అంటించి, ఆరినంక మీద ఇంకో పూత ఫెవికాల్ పుయ్యాలె, లేకుంటే అట్ట సిరాను తాగి కాగితానికి అతుక్కొని చినుగుతది (నావి మూడు చినిగినయి). తర్వాత సిరా అద్ది అచ్చు తియ్యాలె. నేను దారంతో గుండ్రంగ కడియాలు అంటించిన, అద్దాల జాగల. నీలం అతుకుల కాడ గోనె పీలికలు. గవ్వలకు బదులు చింతగింజ పెంకులు. జానెడు అట్ట, నేను కోసిన ముక్క ఎంత ఉండెనో అంతే. కుడి ఎడమలు మారుతయని ముందే తిప్పి పెట్టిన, ఈసారి మర్చిపోలేదు.

పన్నెండు అచ్చులు తీసిన. దారం దారం పడ్డది, గోనె అల్లిక కూడా పడ్డది. పదో అచ్చుకు చింతగింజలు ఊడుతున్నయి.

ఇంకొక సంగతి మర్చిపోయిన. ఆ చార్టు మీది టికెట్లు చూసిన్రా? అన్నీ తెల్లబడ్డయి. అవి సిరాతో అచ్చు కావు. వేడి తగిలితే నల్లబడే మందు కాగితం మీదనే పూసి ఉంటది, మిషను వేడితో అక్షరాలు కొడతది. మన వరండాకు పడమటి ఎండ, రెండు నెలలల్ల ఊర్ల పేర్లన్నీ పోయినయి. వార్డెన్ సారు ముందటనే ఊదుబత్తి కొస ఒక తెల్లటి టికెట్ దగ్గరికి తెచ్చి చూసిన, నల్ల చుక్క పడ్డది. చుక్కలు చుక్కలుగ దేవరకొండ అని రాసిన. మీకెవరికన్న మీ ఊరి పేరు కావాలంటే ఆదివారం సారు రూము కాడికి రండి, మీ అమ్మ టికెట్ మీద మీరే రాసుకోవచ్చు. నానీ ఇచ్చిన టికెట్ మాత్రం చార్టుకు అంటించలేదు, కోయలేదు. లెక్కల పుస్తకంల చీకట్ల పెట్టిన, దాని మీద అక్షరాలు ఇంకా ఉన్నయి.

పోయిన ఆదివారం యాడి వచ్చినప్పుడు మంచిగ పడ్డ అచ్చు ఒకటి చుట్టి నానీకి పంపిన. యాడి నిన్న ఫోన్‌ల చెప్పింది. నానీ దాన్ని చేతిల పట్టుకొని కడియాలన్నీ లెక్కపెట్టిందట, సరిగ్గా ఉన్నయి అన్నదట. తర్వాత కాగితాన్ని వెలుగుకు అటు ఇటు తిప్పి అడిగిందట, "అద్దాలు పెట్టిండు, బాగనే ఉన్నది. నా మొహం ఏదీ?"

గోడ మీద ఖాళీ జాగల ఇంకో అచ్చు అంటిద్దామని పత్రిక చూసే అన్న అంటున్నడు. నేను వద్దన్న. ప్రస్తుతానికి అట్లనే ఉండనియ్యండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి 'బి'